అక్క నవ్వే చోటు

గప్‌చుప్ 1, ఉదయం

ఇందుమూలంగా భావితరాల వారికి తెలియజేయడమేమనగా, నేను నోరు మూసుకుని ఉన్నాను. ఇది నమోదు కావలసిన సంగతే. నా జీవితంలో ఇలాంటి సందర్భాలు బహు తక్కువ.

గల్లీలో నీలం లైటు వెలిగింది. ఫ్యాన్లు సగానికి తగ్గాయి. కుక్కర్లు దించేశారు. మొదటి లెవెల్లో మేకల ముందు గడ్డి వేశారు, నములుతున్నంతసేపు అరవవని. ఈ పాత బొగ్గుగనిలో ఎన్ని ఇళ్ళుంటే అన్ని ఇళ్ళల్లోనూ మనుషులు వీపు గోడకు ఆనించి, పాదాలు నేలకు పెట్టి, ఎడమచేతికి బీపీ కొలిచే పట్టీ చుట్టుకుని కూర్చున్నారు. మాట్లాడితే బీపీ పెరుగుతుంది కాబట్టి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఊరు ఊరంతా మూగదవుతుంది. పైన ఎండ ఉండనివ్వదు, కింద బీపీ నవ్వనివ్వదు. ఎటూ ఎక్కువే.

ఒకప్పుడు సైరన్ మోగించి గప్‌చుప్ మొదలుపెట్టేవారట. ఆ సైరన్‌కే అందరి బీపీ ఎగురుతోందని కనుక్కోవడానికి గని నడిపే కమిటీకి రెండేళ్ళు పట్టింది. కమిటీ అంటే నాకు అపారమైన గౌరవం.

నా పేరు గట్టయ్య. గాలి శాస్త్రంలో డిగ్రీ చేశాను. ఆ చదువుతో ప్రస్తుతం రెండో లెవెల్ ఫ్యాన్లకు నూనె పెడుతున్నాను. ఈ నోటు పుస్తకం మా పెద్దక్క సారమ్మ ఇచ్చింది. "నోరు ఆగకుంటే చేతికి పని చెప్పురా, గదైతే సప్పుడు కాదు" అంది. అందుకని రాస్తున్నాను, రోజూ కాదు, రాయాలనిపించిన పూట; పైన వేసే అంకె నా రాతల వరస.

ఎదురుగా మా బావ ఓదెలు, గుర్తింపు కార్డు ఫోటోకి కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఈయనకు బీపీ ఉంది. అక్కకూ ఉంది. అక్కకు అదనంగా షుగర్ కూడా ఉంది, ఇంట్లో పెద్దది కదా, అన్నీ కాస్త ఎక్కువే. గోడకున్న పెట్టెలో ఇద్దరికీ రెండేసి అంకెలు కనిపిస్తాయి. ఒకటి సగటు. రెండోది ఊగుడు, అంటే పూటపూటకూ ఎంత ఎగిరి ఎంత దిగుతోందో ఆ లెక్క. విచిత్రమేమిటంటే ఇద్దరి సగటూ ఒకటే. నూట ముప్పై ఎనిమిది. కానీ బావకు ఎప్పుడు చూసినా నూట ముప్పై ఎనిమిదే. అక్కకు నిన్న నూట పన్నెండు, మొన్న నూట అరవై నాలుగు. "బావ ఒంట్ల రక్తం కాదక్కా, సిమెంటు పారుతది" అంటాను నేను. "నీ ఒంట్ల వాగు పారుతది, నోట్లకెళ్ళి బయటికొస్తది" అంటాడు బావ.

ఇవాళ అక్క ఊగుడు అంకె పక్కన పసుపు దీపం వెలిగింది. పసుపు అంటే జాగ్రత్త. ఎరుపు అంటే అయిదో లెవెల్.

గప్‌చుప్ 2, సాయంత్రం

అయిదో లెవెల్లో నిమ్మళం వార్డు ఉంది. ఎవరి ఊగుడు గీత దాటి ఎరుపులోనే ఉండిపోతుందో వాళ్ళను అక్కడికి తీసుకెళ్తారు. అక్కడ రోజంతా గప్‌చుప్పే. మాటలు లేవు, చుట్టాలు లేరు, అద్దం అవతలి నుంచి చూసి రావచ్చు. నిమ్మళించి తిరిగి వచ్చినవాళ్ళు లేరని కాదు. నాకు తెలిసినవాళ్ళెవరూ లేరు, అంతే.

సాయంత్రం నీలం లైటుకు కాస్త ముందు అక్క అంది, "రేయ్, పెండ్లి ముచ్చట చెప్పరా."

"వద్దు సారా, ఇప్పుడు లైటు పడతది" అన్నాడు బావ.

"పడితే పడనీ. నీకు సిగ్గయితే చెవులు మూసుకో."

పెండ్లి ముచ్చట అంటే వీళ్ళ పెళ్ళి కథ. అమ్మ నన్ను కని పోతే అక్కే పెంచింది. పెళ్ళిపీటల మీద కూడా మూడేళ్ళ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుందట. కాబట్టి నేను ప్రత్యక్ష సాక్షిని. జ్ఞాపకం మాత్రం ఏమీ లేదు. ఆ మాటకొస్తే సాక్షులెవరికి ఉంటుంది?

కథ ఇది. బావ పుస్తె ఎత్తాడు. తాడు అక్క మెడ దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే నీలం లైటు. అయ్యగారి మంత్రం సగంలో ఆగింది. అక్షింతల పిడికిళ్ళు గాల్లో ఆగాయి. బావ రెండు చేతులూ ఎత్తి, తాడు పట్టుకుని, అలాగే బిగుసుకుపోయాడు. అప్పుడు ఆయనకు తుమ్ము వచ్చింది. తుమ్మితే సప్పుడు. ముక్కు మూసుకుందామంటే చేతుల్లో పుస్తె. ముఖం ఎరుపు, వంకాయరంగు, నేరేడురంగు. ఇంతలో ఒక మేక మెల్లగా వచ్చి బావ నుదుటి మీది బాసింగం నమలడం మొదలుపెట్టింది. అదిలించడానికి ఎవరికీ నోరు లేదు. మేకను నేను తర్వాత కల్పించాను. ఆ సంగతి అక్కకు తెలుసు, అయినా మేక లేకపోతే ఒప్పుకోదు.

నీలం లైటు ఆరీ ఆరకముందే బావ తుమ్మాడు. ఆ తుమ్ముకు అక్క నవ్వుతుంది. ప్రతిసారీ అక్కడే, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా. ఇవాళా అంతే. లైటు వెలిగేసరికి ఇంకా నవ్వుతూనే ఉంది. పట్టీ బిగుసుకుంది. నూట అరవై ఎనిమిది.

బావ నావైపు చూశాడు. సిమెంటు చూపు.

గప్‌చుప్ 3, ఉదయం

బావ నన్ను మేకల కొట్టం దగ్గరికి తీసుకెళ్ళాడు. సాధారణంగా బావ బామ్మర్దిని పక్కకు తీసుకెళ్ళాడంటే కల్లు సంగతి. ఇది కాదు.

"గట్టూ, ఒక మాట అడుగుత. నవ్వుకుంట తీసేయకు."

"చెప్పు బావా. నవ్వ."

"మీ అక్కను నవ్వియ్యకు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"చూడు. నువ్వు నవ్విచ్చిననాడు నూట అరవై దాటుతది. మల్ల పొద్దుగాల నూట పదికి పడతది. నువ్వు డ్యూటీల ఉన్ననాడు మంచిగుంటది. నేను చూసిన. ఎరుపు పడితే దాన్ని కిందికి తీస్కపోతరురా. నోరు తెరువనియ్యని కాడ మీ అక్క ఎట్ల బతుకుతదో చెప్పు."

నేను చేతిలోని గడ్డి పరకను తుంపాను.

"దానికి చెప్పకు. చెప్పితే, నా కోసం నోరు మూసుకున్నడని గది తలుసుకొని నవ్వుతది. నువ్వే గమ్మునుండు. ఎరుపు గండం గడిచేదాక."

ఈ గనిలో బతికేవాళ్ళందరికీ ఒక నమ్మకం ఉంది. అంకె ఎగిరిందంటే ఎవరో సప్పుడు చేసి ఉంటారు. పిల్లాడు ఏడ్చాడని పక్కింటివాళ్ళతో గొడవలు, కుర్చీ జరిగిందని మొగుడూ పెళ్ళాలు తిట్టుకోవడాలు. సప్పుడు ఎవరిదో తేలిస్తే చాలు, జబ్బు సంగతి తేలిపోయినట్టే. మా ఇంట్లో తేల్చడానికి పెద్ద పరిశోధన కూడా అక్కర్లేదు. సప్పుడు నేనే.

మాట ఇచ్చాను. మేకలు సాక్షి. అవి నములుతూ ఉన్నాయి.

గప్‌చుప్ 4, సాయంత్రం

మౌనవ్రతంలో ఒక ఋషి దినచర్య: లేచాను. గట్క తాగాను. "ఉప్పు సరిపోయిందారా?" అంది అక్క. ఉప్పు మీద నా దగ్గర పదకొండు జోకులున్నాయి. తల ఊపాను.

"ఏమైందిరా? పంటి నొప్పా?"

"లేదక్కా."

"ఏమన్న పిల్ల ముచ్చటనా?"

పిల్ల ముచ్చట మీద కూడా ఉన్నాయి. "లేదక్కా, పని ఎక్కువుంది" అన్నాను. అక్క బావ వైపు చూసింది. బావ పళ్ళెం వైపు చూశాడు.

పట్టీ బిగుసుకుంది. నూట ఇరవై ఆరు. బావ బల్ల కింద నా కాలు తొక్కాడు, శభాష్ అన్నట్టు. నా జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నందుకు మెచ్చుకోలు దొరికింది.  

గప్‌చుప్ 5, ఉదయం

నూట డెబ్బై రెండు.

నేను మాట్లాడలేదు. నవ్వలేదు. తుమ్మలేదు. అక్క వైపు పూర్తిగా చూడను కూడా లేదు.

"నీ మొఖం చూసినా దానికి నవ్వొస్తది" అన్నాడు బావ, గల్లీలోకి వచ్చి, మెల్లగా. "లోపల్లోపల నవ్వుకుంటదేమో. లోపలి నవ్వుకు గూడ అంకె పెరుగుతదేమో."

ఇది శాస్త్రీయమైన అనుమానమే. నా ముఖం గురించి కాలేజీలో కూడా ఇలాంటి అభిప్రాయాలే ఉండేవి. కాబట్టి ముఖాన్ని కూడా ఇంట్లోంచి తీసుకెళ్ళాను. ఫ్యాన్ల గదిలో పడుకుంటున్నాను. అక్కడ ఎప్పుడూ మోతే. ఎంత మాట్లాడినా ఎవరికీ వినపడదు. ఫ్యాన్లకు పెండ్లి ముచ్చట చెప్పాను. తుమ్ము దగ్గర ఏమీ జరగలేదు.

గప్‌చుప్ 6, సాయంత్రం

అక్క ఫ్యాన్ల గదికి వచ్చింది. గిన్నెలో పులగం తెచ్చింది. మెట్లెక్కి వచ్చి ఒక్కసారిగా తూలింది. పట్టుకున్నాను. చెయ్యి చల్లగా ఉంది.

"ఏం గాలేదు. లేస్తే ఇట్ల కండ్లు తిరుగుతయ్, మల్ల తక్కువైతది" అంది. తర్వాత, "నాతోని అలిగినవారా?" అంది.

ఫ్యాన్ల మోతలో ఆ మాట నాకు వినపడనట్టు చేశాను. అక్క మళ్ళీ అడగలేదు. నేను తింటున్నంతసేపు చూస్తూ కూర్చుంది. పోయేటప్పుడు గిన్నె తీసుకుని, నా తల మీద మునివేళ్ళతో ఒకటి ఇచ్చింది, చిన్నప్పుడు ఇచ్చినట్టు.

సాయంత్రం పెట్టె చూడ్డానికి ఇంటికెళ్ళాను. నూట పది. పొద్దున నూట డెబ్బై. ఇంట్లో గప్‌చుప్ లేని వేళల్లో కూడా గప్‌చుప్పే. అయినా ఊగుతోంది. ఎరుపు దీపం వెలిగింది.

బావ అన్నాడు, "ఇంక కొన్నొద్దులు చూద్దాం." తన నూట ముప్పై ఎనిమిది కింద కూర్చుని, ఎరుపు దీపాన్ని చూస్తూ, అదే మాట మళ్ళీ అన్నాడు.

గప్‌చుప్ 7, ఉదయం

తీసుకెళ్ళారు.

అక్క రెండు చీరలు, దువ్వెన, గోలీల డబ్బా మూట కట్టుకుంది. పక్కింటివాళ్ళకు పచ్చడి జాడీ అప్పజెప్పింది. బావకు నాలుగు రోజుల వంట ఎలా చేసుకోవాలో చెప్పింది, ఆయన ఏది విన్నాడో నాకైతే తెలియదు. లిఫ్ట్ దగ్గర వార్డు మనిషి పెదవుల మీద వేలు పెట్టి చూపించాడు. ఇక్కడి నుంచి మాటలు బంద్.

తలుపు మూసుకునే ముందు, అతని వేలు పెదవుల మీద ఉండగానే, అక్క నాతో అంది, "నేనేమన్న అన్నా గని మనసుల పెట్టుకోకురా. నీతోని గాకుంటే ఎవలతోని అంట?"

నేను నోరు తెరిచాను. బావ నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఇచ్చిన మాట గుర్తొచ్చింది. ఇంకో మూడు నాలుగు రోజులు నిమ్మళంగా ఉంటే దీపం పసుపుకు రావచ్చు కదా అనుకున్నాను.

లిఫ్ట్ దిగిపోయింది. తాడు కదులుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

గప్‌చుప్ 8, సాయంత్రం

వార్డు డాక్టరు షాహీన్ మేడం. మొత్తం గనిలో గప్‌చుప్‌లో కూడా గట్టిగా మాట్లాడే అధికారం ఉన్న ఏకైక మనిషి, అదీ వార్డు బయటి గదిలో మాత్రమే. అక్కడికి వెళ్ళి నేరం ఒప్పుకున్నాను. అక్క ఊగుడుకు కారణం నేనేనని, నన్ను పై లెవెల్‌కు పంపించి అక్కను ఇంటికి పంపాలని చెప్పాను. మాటలు సగం నా ఏడుపులో పోయాయి.

మేడం అంతా విని, చాయ్ నావైపు జరిపి అంది, "గట్టయ్యా, నీ జోకులకు అంత సీన్ లేదు."

నా వృత్తిజీవితంలో ఇంత ఘోరమైన విమర్శ ఎవరూ చేయలేదు.

"నవ్వితే పెరుగుతది, నిజమే. కొద్దిసేపట్ల దిగుతది. ఇన్ని రోజులు నువ్వు గమ్మునున్నవ్ కదా, తగ్గిందా?"

"తగ్గలే."

"మరి? మీ అక్కకు షుగర్ ఎన్నేండ్ల నుంచి?"

"నాకు బుద్ధి తెలిసినకాడి నుంచి."

"అగో. మనిషి లేచి నిలబడితే రక్తనాళం బిగియాలె, కూసుంటే వదలాలె. బిగియి, వదులు అని చెప్పే నరాలుంటయ్. షుగర్ చానా ఏండ్లుంటే గవే పాడైతయ్. ఇంక చెప్పేటోళ్ళెవరు? అందుకే అట్ల ఎగిరి ఇట్ల పడతది. మీ బావకు బీపీ ఉంది గానీ షుగర్ లేదు. అందుకే గోడ లెక్క ఉంటడు. ఇద్దరి సగటు ఒకటే అయినా ఇద్దరి జబ్బు ఒకటి కాదు బేటా."

"మరి ఎరుపు గీత?"

"కమిటీ అందరికీ ఒక్కటే గీత గీసింది. షుగర్ ఉన్నోళ్ళకు లేనోళ్ళకు. ఊగుడు పెరిగితే మనిషిని ఇంట్లనే పెట్టుకొని ఇంక ఎక్కువ చూసుకోవాలె. గోలీల టైం మార్చాలె, లేస్తుంటే పక్కన మనిషుండాలె. వీళ్ళు మనుషులే లేని కాడికి పంపుతున్నరు. రాసిన నేను. మల్ల రాస్త." గొంతు తగ్గించింది. "గోలీలు మార్చిన. అద్దం కాడికి పో. నేను చూడలే అనుకో."

గప్‌చుప్ 8, సాయంత్రం, తరువాయి

అద్దానికి అవతల అక్క మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూసింది. ముఖం తిప్పుకోలేదు, నవ్వలేదు. నాకు కోపం తగ్గిందో లేదో చూస్తున్నట్టు చూసింది.

నేను రెండు చేతులూ ఎత్తాను. తాడు పట్టుకున్నాను. బిగుసుకుపోయాను.

అక్కకు అర్థమైంది. మంచం అంచుకు జరిగింది.

అక్షింతల పిడికిళ్ళు చూపించాను. అయ్యగారి తెరిచిన నోరు చూపించాను. తుమ్ము మొదలైంది. ముక్కు అదిరింది, బుగ్గలు ఉబ్బాయి. వార్డులో మిగతా మంచాల మీదివాళ్ళు కూడా చూస్తున్నారు. అక్క చెయ్యి ఎత్తి నన్ను ఆపింది. దగ్గరికి వచ్చి, అద్దం మీద ఊపిరి ఊది, వేలితో రాసింది. నా వైపు అక్షరాలు తిరగబడి కనిపించాయి. చదవడానికి కాస్త టైం పట్టింది.

మేక ఏది?

మేకను తెచ్చాను. నేలమీద చేతులు ఆన్చి వచ్చాను. బాసింగం నమిలాను. లేచి మళ్ళీ బావనయ్యాను. తుమ్మాను, సప్పుడు లేకుండా, నా ఒళ్ళంతా కదిలేటట్టు.

అక్క నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగురుతుంటే, కళ్ళనీళ్ళు వచ్చేదాకా. ఒక్క ముక్క వినపడలేదు. వార్డు మనిషి వచ్చి తెర లాగేశాడు.

ఇవన్నీ అయ్యాక కూడా, అలగలేదక్కా అని చెప్పడానికి చేతులతో ఏం చెయ్యాలో నాకు తట్టలేదు. రేపు వచ్చి చెప్తాను.

గప్‌చుప్ 9, ఉదయం

అక్క పోయింది.

తెల్లవారి మంచం దిగబోయి పడిపోయిందట. తలలో నరం తెగిందని మేడం చెప్పింది. ఎవరూ చూడలేదు. పిలిచిందా అని అడిగాను.  అక్కడ పిలవకూడదు కదా.

గప్‌చుప్ 10, ఉదయం

మేడం రాసిన కాగితానికి జవాబు వచ్చింది. గీత విషయం వచ్చే సమావేశంలో పరిశీలిస్తారట. కమిటీ మీద నా దగ్గర ఒకప్పుడు జోకులుండేవి.

గప్‌చుప్ 11, సాయంత్రం

ఇది గప్‌చుప్‌లో రాస్తున్నది కాదు. గప్‌చుప్‌లో నేను మాట్లాడాను.

నీలం లైటు పడింది. బావ ఎప్పటిలాగే గోడకు ఆని కూర్చున్నాడు. అక్క పట్టీ మేకుకు వేలాడుతోంది. పెట్టెలో ఆమె పేరు పక్కన "కొలత అందలేదు" అని వెలిగి ఆరుతోంది. బావ పట్టీ బిగుసుకుని వదిలింది. నూట ముప్పై ఎనిమిది.

"గట్టూ" అన్నాడు బావ. గప్‌చుప్‌లో ఆయన గొంతు నేను ఎన్నడూ వినలేదు.

"బావా, లైటు."

"పోయిననాడు సుత గింతే వచ్చిందిరా. నూట ముప్పై ఎనిమిది. దాన్ని మోసుకొచ్చినంక పట్టీ పెట్టిండ్రు గదా. గప్పుడు గూడ. నాకు సిగ్గయింది. దీన్ని చూస్తే ఎవలన్న ఏమనుకుంటరు? వీనికేం గాలేదు అనుకుంటరు." పెట్టె వైపు చెయ్యి చూపించాడు. గడ్డం మీంచి నీళ్ళు కారుతున్నాయి. "నేను ఏడుస్తున్ననురా. మిషను నమ్ముతలేదు."

గోడ అవతలి నుంచి పక్కింటివాళ్ళు తట్టారు, సప్పుడు చేయొద్దని.

"నేనే నీ నోరు మూపిచ్చిన" అన్నాడు. "ఇన్ని దినాలు నవ్వకుంట పోయింది."

"నవ్వింది బావా. అద్దం కాడ."

"నిజమా?"

"నిజం. మేక కావాలన్నది."

ఆయన పట్టీ విప్పలేదు.  "చెప్పురా" అన్నాడు. "పెండ్లి ముచ్చట. మొదటి నుంచి చెప్పు."

చెప్పాను. గట్టిగానే చెప్పాను. బావ పుస్తె ఎత్తాడు, నీలం లైటు పడింది, అయ్యగారు ఆగిపోయాడు, పిడికిళ్ళు గాల్లో ఆగిపోయాయి. తుమ్ము వచ్చింది. మేక వచ్చింది. గోడ అవతల తట్టడం ఆగింది. వాళ్ళు కూడా వింటున్నారేమో తెలియదు. బావ ముఖం వంకాయరంగయ్యింది, నేరేడురంగయ్యింది, లైటు ఆరబోయింది, బావ తుమ్మాడు.

అక్కడ ఆగాను. అలవాటు. అక్క నవ్వి కళ్ళు తుడుచుకునేదాకా ఆగి, ఆ తర్వాత చెప్పడం అలవాటు.

బావ కూడా తల వంచుకుని, ఆమె నవ్వడం అయిపోయేదాకా ఆగాడు.